పల్నాటి మంచినీరు

పల్నాటి నీటి మాట వచ్చినప్పుడెల్ల శ్రీనాథుడు జ్ఞప్తికి వచ్చుట మన సీమలో పరిపాటి. ఆ కవిసార్వభౌముడు ఈ నేల వీరులకు ద్విపదలో చరిత్ర కట్టి శాశ్వతకీర్తి నిచ్చెను. తన పేర ప్రసిద్ధములైన చాటువులలో మాత్రము ఇచ్చటి రాళ్ళను, జొన్నకూటిని, నీటికొఱతను ఎగతాళి చేసెను. దప్పికతో శివునికి మొఱపెట్టుకొని గంగను విడువుమన్న పద్యమును పెద్దలు నేటికిని చదువుచుందురు. జొన్నకూటి విషయమున ఆయనతో వాదమునకు దిగవచ్చును గాని, నీటి విషయమున కవి అబద్ధమాడలేదు.

అంతకు వేయేండ్లు మునుపు స్థితి వేఱు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నాగార్జునకొండ లోయలో వెలసియుండెను. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో అచ్చట మెట్ల కొలనులు, బావులు, మురుగునీటి కాలువలు బయల్పడినవి. మురుగునకు ప్రత్యేకముగా త్రోవ చూపవలెనని ఆ నగరవాసులకు తెలియును. తరువాతి పల్లెలకు మిగిలినవి వాగు, చెరువు, దిగుడుబావి. నాగులేరు, చంద్రవంక ఎండిననాడు స్త్రీలు ఇసుకలో చెలమ తీసి, తొలి నీరు తోడి పారబోసి, పిమ్మట ఊరిన తేటనీటిని ముంతతో బిందెకెత్తుకొనెడివారు. ఇసుక నీటిని వడకట్టునని వారికి ఎవరును పాఠము చెప్పలేదు. బురదనీటికి చిల్లగింజ అరగదీసి కలుపుటయు కలదు. సుశ్రుతసంహిత నీటిని తేర్చు సాధనములను చెప్పుచు ఈ గింజతోబాటు వస్త్రమును గూడ పేర్కొన్నది.

ఆ వస్త్రపు విలువ నారికురుపు వలన తెలిసినది. కాలిపై పుండుగలవాడు దిగుడుబావిలో దిగినంతనే ఆ పుండు నుండి క్రిమిపిల్లలు నీట పడును. కంటికి కనబడీ కనబడని నీటిపురుగు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవాని దేహములో ఏడాదికి మూరెడు కంటె పొడవైన క్రిమి పెరిగి చర్మమును చీల్చుకొని వెలికి వచ్చును. తెలుగునాట ఎందఱో కోతల కాలమున దీనివలన మంచము పట్టిరి. నీటిని గుడ్డతో వడకట్టుట, మెట్లబావులను మూయుట అను ఈ రెండే దానికి ప్రధానమైన విరుగుళ్ళు. భారతదేశమున చివరి రోగి 1996లో కనబడెను. 2000 సంవత్సరమున దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

గుడ్డకు లొంగని దోషములు రాతిలో నున్నవి. పిడుగురాళ్ళ, మాచర్ల వైపు సున్నపురాతి నేలలలో బావినీరు చవుడు. అందు కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఇది ఇబ్బందియే గాని కీడు స్వల్పము. ఫ్లోరైడు అట్లు కాదు. దానికి రంగులేదు, రుచిలేదు. పల్నాటికి పొరుగైన నాటి నెల్లూరు జిల్లాలోనే ఆ వ్యాధిని షార్టు మొదలగు వైద్యులు 1937లో మన దేశమున మొట్టమొదట వెల్లడించిరి. పిల్లల పండ్లు గారపట్టును. ఏండ్లు గడచినకొలది కీళ్ళు బిగిసి నడుము వంగును. వినుకొండ, బొల్లాపల్లి వైపు బోర్లలో ఈ దోషము కలదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. కాచినచో పోవునని పలువురు భ్రమపడుదురు. కాచిన కొలది నీరు తగ్గి అది మఱింత చిక్కబడును.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. కుడికాలువతో పల్నాటికి వరి వచ్చినది. త్రాగునీరు కూడ వచ్చినదని చెప్పుట మాత్రము చాలమంది మఱతురు. కాలువ పారునాడు ఊరి మంచినీటి చెరువును నింపుకొని, ఇసుక ఫిల్టరులో వడకట్టి, ఎత్తైన ట్యాంకునకెక్కించి, క్లోరిను కలిపి కుళాయిలకు వదలుట నేటి పద్ధతి. కృష్ణకు వఱద రాని యేట ఆ చెరువు అడుగంటును. అప్పుడు పాచినీరే దిక్కు.

బావికడ నీటిని పదిమంది కండ్లు చూచెడివి. గొట్టములోని నీటిని చూచువారెవరు? రోజుకొక గంట మాత్రము నీరు వదలు ఊరిలో తక్కిన కాలమంతయు గొట్టము ఖాళీగా నుండును. ఎక్కడ పగులున్నను ప్రక్కనున్న మురుగు అందులోనికి పీల్చుకొనబడును. ధార సన్నగా వచ్చుచున్నదని కుళాయి క్రింద గొయ్యి త్రవ్వుకొనుట మన వీధులలో సర్వసామాన్యము. ఆ గోతిలో నిలిచిన మురికి నీటిలో కుళాయి మునిగియుండును. కొందఱు గొట్టమునకే మోటారు బిగింతురు. అది పొరుగింటి నీటితోబాటు వీధి మురుగును కూడ లాగును. 2018 మార్చిలో గుంటూరు నగరమున మంచినీటిలో మురుగు కలియుటచే అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. 2024లో పిడుగురాళ్ళ, దాచేపల్లిలలోను అతిసారము తలయెత్తినది.

ఇందుకు రక్ష నీటిలో మిగిలియుండు క్లోరినే. కుళాయికడ లీటరునకు 0.2 మిల్లీగ్రామైనను ఉండవలెను. గాజు గొట్టములో నీరు పోసి మందుచుక్కలు వేయగా పసుపురంగు వచ్చినచో క్లోరిను ఉన్నట్లే. తడి తగిలి నెలల తరబడి మూలబడిన బ్లీచింగ్ పౌడరు సంచులకొలది కలిపినను ఆ రంగు రాదు. దాని సత్తువ గాలిలో పోయియుండును. ట్యాంకు మొదట పసుపు వచ్చి, ఊరి చివర రానిచో, నడుమ ఎక్కడనో మురుగు క్లోరినును తినివేయుచున్నదని శంకింపవలెను. ఆ చివరి కుళాయి తఱచుగా పేదల వాడలోనే ఉండును. పరీక్ష చేయవలసినది అచ్చటనే; అదియు నీరు వదలిన తొలి నిమిషములలో, ఎవరి బిందెయు నిండకమునుపే.