బావంచాలు, ఆత్రిలాల్: ఎండతో చేసే వైద్యం

జిద్దాలోని తెలుగువారికి బలద్ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది బజారే. క్రీ.శ. 647లో ఖలీఫా ఉస్మాన్ జిద్దాను మక్కాకు రేవుగా చేసిన నాటినుండి యాత్రికులతోపాటు మూలికలు కూడా ఈ దారినే నడిచాయి. 2014లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ పాత పట్టణంలో, సూక్ అల్ అలవీ వీధి అత్తారు దుకాణాల ముందు నిలబడితే నాకు మన ఊరి పచారీకొట్టే కనిపిస్తుంది. నల్లజీలకర్ర, గోరింటాకు, కరక్కాయ అన్నీ మనకు తెలిసిన సరుకులే.

చర్మవ్యాధుల విషయంలో ఈ చుట్టరికం మరింత లోతైనది. మన వైద్యులు బాకుచి అనే బావంచాలను నూరి, బొల్లి మచ్చలపై పట్టించి, ఎండ తగలనిచ్చేవారు. ఎర్రసముద్రానికి ఆవలి ఈజిప్టులో ఆత్రిలాల్ గింజలకు అదే పేరు. 1248లో డమాస్కస్‌లో మరణించిన ఇబ్న్ అల్ బైతార్ తన ఔషధ గ్రంథంలో ఈ ఆత్రిలాల్ చికిత్సను వర్ణించాడు. మొదటిది చిక్కుడు కుటుంబపు మొక్క, రెండవది కొత్తిమీర కుటుంబానిది. అయినా వైద్యం ఒకటే!

కారణం ఇరవయ్యవ శతాబ్దంలో తేలింది. 1933లో మన రసాయన శాస్త్రజ్ఞులు జోయిస్, మంజునాథ్, వేంకటరావు బావంచాలనుండి సోరలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1940లలో కైరోలో ఆత్రిలాల్ నుండి దాని తోబుట్టువు మెథాక్సాలెన్ లభించింది. డాక్టర్ ఎల్ మొఫ్తీ దానిని బొల్లి రోగులకు లోపలికీ, పైపూతగానూ ఇచ్చి చూశారు. 1974లో అమెరికాలో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, భారత సంతతికి చెందిన పాఠక్ మొదలైనవారు మెథాక్సాలెన్ మాత్ర ఇచ్చి, కొలిచిన అతినీలలోహిత కాంతితో సోరియాసిస్‌ను అదుపు చేయవచ్చునని చూపారు. ఎర్రబారి పొలుసులు కట్టే ఆ వ్యాధిలో కణాల మితిమీరిన పెరుగుదలను ఈ చికిత్స నెమ్మదింపజేస్తుంది.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచేది ఒక్కటే. మందు గింజలో సగమే ఉంది. మిగిలిన సగం ఎండలో ఉంది. ఆ ఎండ కొలత తప్పితే మందే నిప్పు. నా గదిలో ఉండే కుర్రవాడొకడు మోచేతి పొలుసులకు బావంచాల నూనె రాసుకుని ఎండలో పనికి వెళ్ళాడు. రెండవనాటికి చర్మం కమిలి బొబ్బలెక్కింది. దీర్ఘకాలం సాగిన సోరలెన్ కాంతిచికిత్స చర్మ క్యాన్సర్ ముప్పును పెంచుతుందని కూడా వైద్యులు గుర్తించారు. అందుకే నేడు ఎక్కువచోట్ల సోరలెన్ అక్కరలేని కాంతిచికిత్సనే వాడుతున్నారు.

కనుక పూర్వుల జ్ఞానాన్ని మూఢనమ్మకమని తోసివేయనక్కరలేదు. అలాగని గల్ఫు ఎండలో సొంత వైద్యం చేసుకోనూ రాదు. గింజను కనిపెట్టినవారు మన పెద్దలైతే, దాని మోతాదును కనిపెట్టినది శాస్త్రం. ఇద్దరికీ నమస్కరించి, చర్మం పాడైతే ముందు డాక్టరును చూడండి.