ఒళ్ళు రుద్దే సాధనాలు: నాడు, నేడు

స్నానం ఎంత పాతదో, ఒళ్ళు రుద్దుకొనటానికి మనిషి కల్పించుకొన్న సాధనాలు కూడ ఇంచుమించు అంత పాతవే. చేయి, గుడ్డ, రాయి, ఇటుక, పీచు, నేడు నైలాను వల: వీటిలో ఏది మేలు? ప్రశ్న చిన్నదిగానే తోచవచ్చు. కాని దురదతోను, పొడిచర్మంతోను బాధపడే పిల్లవానిని “సరిగా రుద్దుకోవటం లేదు” అని మందలించటం మన ఇండ్లలోను, వసతి గృహాలలోను అరుదు కాదు. ఆ మాట విని వాడు మరింత గట్టిగా రుద్దుకొంటాడు. చర్మం మరింత చెడుతుంది. ఆ మందలింపులో ఎంత న్యాయమున్నదో తేల్చుకొనటానికి ఈ సాధనాల చరిత్రను, చర్మం యొక్క నిర్మాణాన్ని కలిపి పరిశీలించాలి.

వినయపిటకంలోని నియమాలు

కరీంనగరం నుండి జగిత్యాలకు పోయే త్రోవలో కొండగట్టు ఉన్నది. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా కోనేటి స్నానం చేయటం ఆచారం. ఈ ప్రాంతంలో స్నానానికి ఇంతటి ప్రాధాన్యం నిన్న మొన్న వచ్చినది కాదు. కొండగట్టుకు తూర్పుగా, నేటి పెద్దపల్లి జిల్లాలో, ధూళికట్ట వద్ద శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపం 1970 తరువాత జరిపిన త్రవ్వకాలలో బయల్పడింది. బౌద్ధ భిక్షువులు ఎట్లా స్నానం చేయాలో, ఒళ్ళు దేనితో రుద్దుకోవాలో తెలిపే నియమాలు పాలి భాషలోని వినయపిటకంలో, చుల్లవగ్గమనే భాగంలో ఉన్నవి.

ఆ కథ రాజగృహంలో జరుగుతుంది. కొందరు భిక్షువులు స్నానవేళ చెట్లకు, స్తంభాలకు, గోడలకు ఒళ్ళు రాచుకొంటారు. ఆ తరువాత చెక్కతో చేసిన చేతిని, కురువిందపు పూసల దండను, మల్లకమనే సాధనాన్ని ఉపయోగిస్తారు. మల్లయోధులవలె, భోగులవలె ఇదేమి స్నానమని జనం ఆక్షేపిస్తారు. బుద్ధుడు వీటినన్నిటిని నిషేధిస్తాడు. నిషేధానికి కారణం చర్మరక్షణ కాదు, భిక్షువుకు తగని విలాసమన్నదే. అయితే ఆ తరువాత ఇచ్చిన మినహాయింపులు మాత్రం మనకు ఎంతో ఆసక్తికరమైనవి.

దురదవ్యాధితో బాధపడే భిక్షువు ఒకడు మల్లకం లేనిదే ఉండలేకపోతాడు. అతనికి “అకృత మల్లకం” అనుమతింపబడింది. క్రీ.శ. 5వ శతాబ్దిలో బుద్ధఘోషుడు పాలిలో వ్రాసిన వ్యాఖ్య దీనిని వివరిస్తున్నది. మొసలి పండ్లవంటి గాట్లు చెక్కినది మల్లకం. పండ్లు చెక్కక విడిచినది అకృత మల్లకం. అనగా, రోగికి గరుకుది కాక నునుపైన సాధనం లభించిందన్నమాట. తన ఒళ్ళు తాను రుద్దుకోలేని ముసలి భిక్షువుకు గుడ్డచుట్టను అనుమతించారు. వీపు రుద్దటానికి చేతిని అనుమతించారు. ఆ వ్యాఖ్యలోనే బుద్ధఘోషుడు అంధక దేశంలో వాడుకలో ఉండిన ఒక వ్యాఖ్యను కూడ పేర్కొన్నాడు. దీనినిబట్టి ఈ నియమాలపై చర్చ తెలుగునేలపై కూడ సాగిందని గ్రహించవచ్చు.

కురువిందం సంగతి విద్యార్థులు గమనించాలి. వజ్రం కాఠిన్యం 10 అనుకొంటే దీని కాఠిన్యం 9. కెంపు, నీలం ఈ ఖనిజపు రూపాలే. నేడు దీని పొడిని లోహాలను, రాళ్ళను సానపట్టటానికి వాడుతున్నారు. ఆ పొడిని లక్కతో కలిపి చేసిన పూసలతో ఒళ్ళు రుద్దుకొంటే చర్మం ఏమయి ఉంటుందో ఊహించవచ్చు!

ఇటుక నుండి నేతిబీర వరకు

జాన్ మార్షల్ 1913 నుండి 1934 వరకు జరిపిన తక్షశిల త్రవ్వకాలలో ఒళ్ళు రుద్దుకొనే కాల్చిన మట్టి బిళ్ళలు దొరికినవి. వైద్యగ్రంథాలలో సుశ్రుతసంహిత ఇటుకతో రుద్దుకొంటే దురద, దద్దురులు శమిస్తాయని చెప్పింది. వాత్స్యాయనుడు నాగరికుని దినచర్యను వర్ణిస్తూ, స్నానం ప్రతిదినమూ, ఒళ్ళు మర్దించటం దినం విడిచి దినమూ, నురుగునిచ్చే పదార్థం మూడు దినాలకొకసారీ అని నిర్ణయించాడు. రోజూ నీరు పోసుకోవచ్చుగాని, రోజూ తోమవలసిన పని లేదని ఈ వరుస సూచిస్తున్నది.

మన ఇండ్లలో నూనె పట్టించి, శనగపిండితోనో పెసరపిండితోనో నలుగు పెట్టి, కుంకుడురసంతో తల రుద్దేవారు. ఇవి గాక పీచు ఉండనే ఉన్నది. బీరపాదుపైననే ముదిరి ఎండిన నేతిబీరకాయ పైతొక్క తీసి, గింజలు దులిపితే లోపల వలవంటి నారల అల్లిక మిగులుతుంది. దీనినే నేడు బజారులో ‘లూఫా’ అని అమ్ముతున్నారు. ఆ పేరు అరబ్బీ నుండి వచ్చినదైనా, కాయ మన పెరటిదే.

చర్మం కూడ ఒక గోడ

చర్మం యొక్క పైపొర మృతకణాలతో ఏర్పడినది. శరీరంలో అధికభాగాన దీని మందం మిల్లీమీటరులో నూరవ వంతు నుండి యాభయ్యవ వంతు వరకు మాత్రమే. కణాలు ఇటుకలవలె, వాటి నడుమనున్న క్రొవ్వు పదార్థాలు సున్నంవలె అమరి ఉంటాయి. ఈ గోడ లోపలి తేమను పోనీయదు, వెలుపలి క్రిములను రానీయదు. లోపల పుట్టిన కణాలు ఇంచుమించు నాలుగు వారాలలో పైకి వచ్చి వాటంతటవే రాలిపోతాయి. ఒళ్ళు రుద్దినపుడు నల్లగా ఉండలుగా వచ్చే ‘మట్టి’లో చాలభాగం ఈ కణాలే. ఇంకా వస్తున్నది కదా అని రుద్దుతూ పోతే మనం తీసేది మురికిని కాదు, గోడనే.

కొందరికి ఈ గోడ పుట్టుకతోనే బలహీనం. పైపొర నిర్మాణానికి కావలసిన ఫిలాగ్రిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువులో లోపముంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. అట్టి పిల్లలది అశుభ్రత కాదు. దురద ఉన్నచోట రుద్దితే ఆ క్షణాన హాయిగా ఉండే మాట నిజమే. సుశ్రుతుని ఇటుకకు, భిక్షువు మల్లకానికి ఆధారం ఆ హాయే. కాని రాపిడివల్ల గోడ మరింత చెడి, దురద మరల హెచ్చుతుంది.

చర్మానికి స్వల్పంగా ఆమ్లగుణం ఉన్నది, దాని పి.హెచ్. సుమారు 5. మామూలు సబ్బు పి.హెచ్. 9 నుండి 10 వరకు ఉంటుంది. గట్టి పీచు, క్షారగుణం గల సబ్బు రెండూ కలిస్తే సున్నితమైన చర్మానికి రెండు దెబ్బలు తగిలినట్లే.

నైలాను, తడి

నైలాను వచ్చిన తరువాత రాపిడి మరింత సులభమైంది. నైలాను తువాలుతో ఏండ్ల తరబడి గట్టిగా రుద్దుకొన్నవారికి కంటె ఎముకలు, మోచేతులు వంటి ఎముక తేలిన చోట్ల నల్లని మచ్చలు ఏర్పడటాన్ని 1980 తరువాత జపాను వైద్యులు వివరించారు. నలుపు పోవాలని మరింత రుద్దితే నలుపు పెరుగుతుంది!

ఇక పీచులో మరొక చిక్కున్నది. దాని సందులలో చర్మకణాలు చిక్కుకొంటాయి. తడి ఆరకపోతే అవి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. 1993, 1994 సంవత్సరాలలో న్యూయార్కు పరిశోధకులు, కలుషితమైన లూఫాద్వారా సూడోమోనాస్ అనే బాక్టీరియా చర్మానికి చేరి రోమకూపాలలో చీముపొక్కులు కలిగించగలదని చూపించారు. తామరను కలిగించే శిలీంధ్రం కూడ ఒకరి తువాలునుండి మరొకరికి సంక్రమిస్తుంది.

తరగతిలో దీనిని కొంతవరకు పరీక్షించి చూడవచ్చు. ఒకే బరువుగల రెండు నేతిబీర పీచు ముక్కలను తడిపి, ఒకదానిని గాలి, ఎండ తగిలేచోట వ్రేలాడదీసి, రెండవదానిని మూత ఉన్న డబ్బాలో ఉంచండి. ప్రతిదినమూ తూచి, ఏది ఎన్నాళ్ళు తడిగా ఉన్నదో వ్రాసుకోండి. మన స్నానాల గదిలో మూలన పడి ఉండే పీచు ఈ రెంటిలో దేనిని పోలినదో విద్యార్థులే చెప్పగలరు.

కనుక సాధనాన్ని ఎన్నుకొనేటపుడు రెండు ప్రశ్నలు వేసుకొంటే చాలు: ఇది ఎంత గరుకు? ఇది ఎంత త్వరగా ఆరుతుంది? సున్నితమైన చర్మానికి చేయి అన్నిటికంటె మంచిది. దాని తరువాతది పలుచని నూలుగుడ్డ. దానిని ఉతికి ఎండలో ఆరవేయవచ్చు. పీచు వాడదలచినవారు నీటిలో నానబెట్టి, మెత్తబడిన తరువాత, వారానికి ఒకటి రెండుసార్లు తేలికగా వాడి, కడిగి ఎండలో వ్రేలాడదీయాలి; వాసన వచ్చినా, రంగు మారినా పారవేయాలి. పుండు, దద్దురు, చీముపొక్కు ఉన్నచోట ఏ పీచూ తగదు. ఎవరి పీచు, ఎవరి తువాలు వారికే ఉండాలి. వసతి గృహాలలో ఇది మరీ ముఖ్యం. స్నానం కాగానే ఒళ్ళు గట్టిగా తుడవక, తడి అద్దుకొని, కొద్దిగా కొబ్బరినూనె రాసుకొంటే పొడిచర్మానికి మేలు. దురద తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

రోగిష్టి భిక్షువుకు పండ్లు లేని మల్లకాన్ని, ముసలివానికి గుడ్డచుట్టను ఇచ్చినవారికి చర్మకణాల సంగతి తెలియదు. అయినను అందరి చర్మం ఒకటి కాదని, అందరికీ ఒకే సాధనం పనికిరాదని వారు గుర్తించారు. దురదతో బాధపడే విద్యార్థిని గట్టిగా రుద్దుకొమ్మని చెప్పేముందు మనం జ్ఞాపకముంచుకోవలసినది ఇదే.