38 ఏళ్ళు ఆగి చూసిన లెక్క

న్యూజిలాండ్‌లో డునెడిన్ అని ఒక ఊరుంది. 1972-73లో అక్కడ పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు ఇప్పటికీ వదలకుండా గమనిస్తున్నారు. (మనం టీకాల కార్డే సరిగ్గా దాచం!) 13 ఏళ్ళప్పుడు, ఇంకా గంజాయి జోలికి పోకముందే, వాళ్ళకి ఐక్యూ పరీక్ష పెట్టారు. మళ్ళీ 38వ ఏట పెట్టారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. టీనేజీలో మొదలెట్టి ఏళ్ళ తరబడి వదలనివాళ్ళకి సగటున 8 పాయింట్లు తగ్గాయట. వాళ్ళని దగ్గరగా ఎరిగినవాళ్ళని అడిగితే, చేసే పని మీద ధ్యాస నిలవదని, మతిమరుపని చెప్పారు. నాకైతే ఆ పాయింట్లకన్నా ఈ మాటే గుచ్చుకుంది. ఇంట్లోవాళ్ళకి ముందు కనబడేది అదే కదా.

అదంతా పేదరికం ప్రభావమేమో అని 2013లో ఒక నార్వే ఆర్థికవేత్త అడ్డుపడ్డాడు. మధ్యతరగతి ఇళ్ళ పిల్లల్ని విడిగా చూసినా తగ్గుదల ఉందని వీళ్ళు జవాబిచ్చారు.

పెద్దయ్యాక మొదలెట్టినవాళ్ళలో అంత తగ్గుదల లేదు. ఇంటర్ చదివే మా అక్క కొడుకు ఆ ఒక్క ముక్కే పట్టుకున్నాడు. "అయితే 20 దాటాక పర్లేదా పిన్నీ?" అన్నాడు. తర్వాతి పేరా కూడా చదివించాను. చిన్నప్పుడే మొదలెట్టినవాళ్ళకి, మానేశాక కూడా పోయింది పూర్తిగా తిరిగి రాలేదు.