కైసరు: ఒక్క పేరు, ఎన్ని ముఖాలు!



మొన్న సండే స్కూల్లో ఒక చిన్నవాడు లేచి అడిగాడు: "అయ్యగారూ, యేసయ్య పుట్టినప్పుడు ఉన్న కైసరే పౌలు ముసలివాడయ్యేదాకా బతికున్నాడా?" పిల్లలు నవ్వారు. మేము నవ్వలేదు. కైసరు అంటే ఒకే మనిషి అనుకునేవారు పెద్దవాళ్లలోనూ ఉన్నారు. వాడి ప్రశ్న పట్టుకుని ఆ పేరు వెంట వెళ్తే, అది రోములో మొదలై మన ఊరి ఆసుపత్రి దాకా వచ్చింది.

మొదట అది ఒక ఇంటిపేరు. గాయస్ జూలియస్ సీజర్ అనే రోమా సేనాధిపతిని క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటు సభ్యులే పొడిచి చంపారు. అతని వీలునామా తెరిస్తే, మేనకోడలి కొడుకు ఆక్టేవియన్‌ను దత్తత చేసుకున్నట్టు రాసి ఉంది. అలా ఆ ఇంటిపేరు పొందినవాడే లూకా 2లో ప్రజాసంఖ్య రాయించమని ఆజ్ఞ ఇచ్చిన ఔగుస్తు. ఔగుస్తు తిబెరిని దత్తత చేసుకున్నాడు. ప్రభువు పరిచర్య చేసిన కాలంలోనూ, సిలువ వేయబడిన రోజునా ఏలుతున్నది ఈ తిబెరి కైసరే. క్రీ.శ. 41లో చక్రవర్తి అయిన క్లౌదియ దత్తత పోకుండానే ఆ పేరు పెట్టుకున్నాడు. పౌలు తన వ్యాజ్యెం కైసరు ఎదుటికి వెళ్లాలని కోరినప్పుడు గద్దె మీద ఉన్నవాడు నీరో. చూశారా, కొత్త నిబంధనలో ఆ ఒక్క పేరు వెనుక నలుగురు మనుషులున్నారు!

క్రీ.శ. 68లో నీరో చావుతో ఆ వంశం అయిపోయింది. పేరు మాత్రం అయిపోలేదు. తర్వాత గద్దె ఎక్కినవాళ్లు ఏ చుట్టరికం లేకపోయినా దాన్ని తగిలించుకున్నారు. మన వైపు కరణం అనే పదవి కొందరికి ఇంటిపేరైంది. రోములో జరిగింది దానికి తలకిందులు: ఇంటిపేరే పదవి అయింది.

ఆ పేరు ఊళ్లకూ ఎక్కింది. చక్రవర్తిని మెప్పించడానికి హేరోదు సముద్రతీరాన కట్టిన పట్టణం కైసరయ. అతని కొడుకు ఫిలిప్పు కట్టించినది ఫిలిప్పుదైన కైసరయ. పేతురు యేసును క్రీస్తు అని ఒప్పుకున్నది ఆ రెండో కైసరయ ప్రాంతంలోనే. కైసరు పేరు పెట్టిన నేల మీద నిలబడి, రాజు వేరొకడున్నాడని చెప్పాడన్నమాట.

మన తెలుగు బైబిల్లో ఉన్న "కైసరు" గ్రీకు పలుకుబడి. ఆనాటి రోమీయులు కూడా "క" అక్షరంతోనే పలికేవారు. జర్మనీలో అది కైజర్, రష్యాలో జార్. ఇంగ్లీషు మీదుగా వచ్చింది గనుక బడి పుస్తకంలో సీజర్. మన పిల్లలు ఒకే పేరును నాలుగు పేర్లనుకుని చదువుతున్నారు.

ఆసుపత్రిలో వినే సిజేరియన్ మాట సంగతి ఏమిటి? జూలియస్ సీజర్ తల్లి కడుపు కోస్తే పుట్టాడని ఒక కథ ఉంది. ఆ కాలంలో అలా కోస్తే తల్లి బతికేది కాదు. అతని తల్లి ఔరేలియా మాత్రం కొడుకు పెద్దవాడై సేనలు నడిపేదాకా బతికింది. కాబట్టి ఆ కథ నిలవదు. ఇప్పుడు అదే ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ బతికిస్తోంది. అలా కన్న తల్లిని "నొప్పులు పడకుండా కన్నావు" అని దెప్పిపొడిచే అత్తలకు మా మనవి: ఆ కోత చిన్న నొప్పి కాదు.

మన దేశంలో 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించారు. దానికి ఎంచుకున్న దేశీయ బిరుదు కైసర్-ఇ-హింద్. 1900లో ఆ పేరుతో ఒక పతకం పుట్టింది. 1883లో గుంటూరుకు వచ్చి, స్త్రీల కోసం ఆసుపత్రి నడిపిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్‌గారు ఆ పతకం పొందారు. 1915లో గాంధీగారికీ వచ్చింది. 1920లో ప్రభుత్వం చేసిన అన్యాయాలకు నిరసనగా ఆయన దాన్ని తిరిగి పంపేశారు.

1917లో జార్ గద్దె దిగాడు. 1918లో కైజర్ దిగాడు. 1948లో ఇంగ్లండు రాజు భారత చక్రవర్తి అనే బిరుదు వదులుకున్నాడు. లోకాన్ని వణికించిన ఆ పేరు మా వీధిలో ఇప్పుడు ఒక కుక్కకు ఉంది. సీజర్ అని పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది.

అయితే ఈ పేరు కోసం ప్రాణాలు పోయాయి. రెండో శతాబ్దంలో స్ముర్న సంఘపు అధ్యక్షుడు పోలికార్పును, కైసరే ప్రభువు అని ఒక్క మాట అంటే వదిలేస్తామన్నారు. ఆ వృద్ధుడు అనలేదు. ఆయన్ను మంటల్లో వేశారు. ఆయన రాజుకు మర్యాద ఇవ్వననలేదు. క్రీస్తుకు చెందిన మాటను మాత్రం కైసరుకు ఇవ్వనన్నాడు.

ప్రియులారా, ఇది పాత కథే అనుకుంటే మేము రాయకపోదుము. పోయిన ఎన్నికల నుండి మన సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు. ఒకరిది ఒక నాయకుడి పేరు, మరొకరిది ఇంకొక నాయకుడి పేరు. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. రొట్టె అందిస్తూ మా చేతులు వణికాయి. ఆ నాయకులిద్దరికీ వీళ్ల పేర్లు కూడా తెలియవు!

ప్రభువు దేనారము అడిగి తెప్పించినప్పుడు దాని మీద కైసరు రూపమూ పేరూ ఉన్నాయి. కాబట్టి నాణెం కైసరుకు పోతే పోనివ్వమన్నాడు. పన్ను కట్టండి, ఓటు వేయండి, చట్టానికి లోబడండి. కాని తోడబుట్టినవాడి మీద ఉన్నది దేవుని స్వరూపం. దాన్ని ఏ కైసరు పేరుకూ చెల్లించే హక్కు మనకు లేదు.

వచ్చే ఆదివారం బల్ల ఉన్నది. ఆ అన్నదమ్ములు ఇది చదువుతారని మాకు తెలుసు. ఇద్దరికీ ఒకే వరుసలో చాప వేసి ఉంచుతాము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.