రాబరీ, డెకాయిటీ

రాబరీ, డెకాయిటీ అనేవి బలప్రయోగంతోగాని, భయపెట్టిగాని చేసే దొంగతనాలకు భారతదేశపు నేర చట్టంలో వాడే రెండు ఆంగ్ల పదాలు. తెలుగులో మొదటిదాన్ని దోపిడీ అనీ, రెండవదాన్ని బందిపోటు దొంగతనం అనీ అంటారు. ఈ రెంటి మధ్య భేదం ఆయుధాన్ని బట్టి గాని, పోయిన సొత్తు విలువను బట్టి గాని ఏర్పడదు. నేరంలో పాల్గొన్నవారి సంఖ్యయే దానిని నిర్ణయిస్తుంది. ఐదుగురు లేదా అంతకంటె ఎక్కువమంది కలిసి చేసిన రాబరీయే డెకాయిటీ.

== పదాల పుట్టుక ==
రాబరీ ఫ్రెంచి భాష నుండి ఇంగ్లీషులోకి వచ్చిన పాత మాట. డెకాయిటీ మాత్రం హిందీలోని డకైతీ నుండి కంపెనీ పాలనాకాలంలో ఇంగ్లీషులో చేరింది. థగ్గుల అణచివేతకు నియమితుడైన విలియం స్లీమన్‌కు 1839లో బందిపోట్ల అణచివేతను కూడా అప్పగించారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఈ దేశీయ పదాన్ని ప్రత్యేక నేరంగా నిర్వచించింది. ఇంగ్లాండు చట్టంలో రాబరీ ఉన్నది గాని డెకాయిటీ అనే నేరం లేదు.

== రాబరీ ==
దొంగతనం చేయడానికి గాని, దొంగిలించిన సొత్తును తీసుకుపోవడానికి గాని ఎదుటివారిని చంపినా, గాయపరచినా, అడ్డగించి నిలిపినా, తక్షణమే అలా చేస్తామని భయపెట్టినా అది రాబరీ అవుతుంది. తక్షణమే అన్న మాట ముఖ్యమైనది. శిక్షాస్మృతిలోనే దీనికి చక్కని ఉదాహరణలున్నాయి. దారిలో బిడ్డతో వస్తున్న వ్యక్తిని ఆపి, డబ్బు ఇవ్వకుంటే బిడ్డను లోయలోకి విసిరేస్తానని బెదిరించి తీసుకుంటే రాబరీ. బిడ్డ మా ముఠా చేతిలో ఉన్నాడు, పదివేలు పంపకపోతే చంపుతామని చెప్పి తీసుకుంటే బలవంతపు వసూలు మాత్రమే. బిడ్డను తక్షణమే చంపుతారన్న భయం అందులో లేదు గనుక.

ఎవరూ లేని ఇంటి తాళం పగులగొట్టి నగలు ఎత్తుకుపోవడాన్ని పత్రికలు తరచు దోపిడీ అని రాస్తుంటాయి. చట్టం దృష్టిలో అది దోపిడీ కాదు, ఇల్లు పగులగొట్టి చేసిన దొంగతనం.

== ఐదవ వ్యక్తి ==
డెకాయిటీలో సొత్తుపై చేయి వేసినవారినే కాక, అక్కడ ఉండి సహాయపడినవారిని కూడా లెక్కిస్తారు. గుమ్మం వద్ద కాపలా కాసినవాడు ఐదవవాడైతే మిగిలిన నలుగురి నేరం కూడా మారిపోతుంది. ప్రయత్నం విఫలమై ఏమీ దొరకకపోయినా అది డెకాయిటీయే. సాధారణంగా చట్టం నేరానికి సిద్ధపడటాన్ని శిక్షించదు, కాని డెకాయిటీకి సిద్ధపడటమే నేరం.

అందువల్ల న్యాయస్థానాల్లో ఈ అంకె చుట్టూ వాదం నడుస్తుంది. సరిగ్గా ఐదుగురిపైనే ఆరోపణ ఉండి, వారిలో ఒకరు నిర్దోషిగా తేలితే, గుర్తు తెలియని ఇతరులు ఉన్నారని రుజువు కానంతవరకు మిగిలిన నలుగురిని డెకాయిటీ కింద శిక్షించడానికి వీలుండదు.

== శిక్షలు ==
2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 390, 391 సెక్షన్ల నిర్వచనాలు ఇందులో 309, 310 సెక్షన్లలో ఉన్నాయి. రాబరీకి 10 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, జరిమానా. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య రహదారిపై చేస్తే 14 సంవత్సరాల వరకు. డెకాయిటీకి యావజ్జీవ శిక్ష కూడా విధించవచ్చు. ముఠాలో ఒక్కడు హత్య చేసినా అందరూ మరణశిక్షకు పాత్రులు కావచ్చు. ప్రాణాంతకమైన ఆయుధాన్ని ఉపయోగించినవారికి, నేరం రెంటిలో ఏదైనా, 7 సంవత్సరాలకు తగ్గని శిక్ష పడుతుంది.