జార్జియా పండుగలు - మా గేటు ముందు గంగిరెద్దు

మా మనుమరాలు జార్జియా రాజధాని టిబిలిసిలో వైద్యవిద్య చదువుతోంది. నిరుడు జనవరిలో మేమిద్దరం అక్కడ రెండు వారాలున్నాం.

అక్కడి చర్చి నేటికీ పాత జూలియన్ క్యాలెండరునే పాటిస్తుంది. అది మన వాడుక క్యాలెండరుకు 13 రోజులు వెనుక. అందుచేత వారి క్రిస్మస్ జనవరి 7న, పాత సంవత్సరాది 14న, అంటే మన సంక్రాంతి రోజుల్లోనే వస్తాయి. క్రిస్మస్ నాడు 'అలీలో' ఊరేగింపులో పాటలు పాడుతూ వెళతారు. అందులో పోగైన కానుకలు పేదలకు చేరతాయి. కొత్త ఏడాదిలో తొలిసారి గడప తొక్కే అతిథిని 'మెక్వ్లే' అంటారు. అతని పాదం మంచిదైతే ఏడాదంతా శుభమని నమ్మకం.

1921 నుంచి 1991 వరకు సోవియట్ పాలనలో మతపరమైన పండుగలను అణచివేశారు. అయినా ఇళ్ళలో, విందుబల్లల చుట్టూ, పాటలూ ఆచారాలూ బ్రతికాయి.

మరి మనమో? 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మా కొండాపూర్ పొలాలు అపార్టుమెంట్లయ్యాయి. ఈ సంక్రాంతికి గంగిరెద్దులాయనను మా కాపలాదారు గేటు వద్దే ఆపేశాడు. ఆ నిబంధన పెట్టిన కమిటీలో నేనూ ఒకణ్ణి! ఏ ప్రభుత్వమూ మనల్ని నిషేధించలేదు, మనమే గేటు వేసుకున్నాం.

వెళ్ళి తెరిపించాను. మనుమరాలికి ఫోనులో సన్నాయి వినిపించాను.