పందుల ముందు ముత్యాలు

విలువైన దాన్ని దాని విలువ తెలియనివాళ్ల ముందు పెట్టడం దండగ అని చెప్పడానికి ఇంగ్లీషులో ‘పెర్ల్స్ బిఫోర్ స్వైన్’ అంటారు. పందుల ముందు ముత్యాలు వేయడమన్నమాట. మన ‘గాడిదకేం తెలుసు గంధం వాసన’ దీనికి దగ్గరి చుట్టం.

దీని పుట్టుక బైబిల్లో ఉంది. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగంలో, 7వ అధ్యాయం 6వ వచనంలో యేసు ఈ మాట చెబుతాడు. పవిత్రమైనదాన్ని కుక్కలకు పెట్టవద్దని, ముత్యాలను పందుల ముందు వేయవద్దని, వేస్తే తొక్కిపారేసి మీ మీదికే తిరగబడతాయని దాని సారాంశం. యూదులకు పంది అపవిత్రమైన జంతువు. ముత్యం సంగతి వేరు. పర్షియా సింధుశాఖలోనూ మన దక్షిణాన మన్నార్ సింధుశాఖలోనూ మునిగి తీసిన ముత్యాలు రోమ్ దాకా వెళ్లేవి. విలువైన వస్తువులన్నిటిలో ముత్యానిదే మొదటి స్థానమని యేసు జీవించిన శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

తొలి క్రైస్తవుల నియమాలను కూర్చిన ‘డిడాకే’ అనే గ్రంథం, బాప్తిస్మం పొందనివారికి ప్రభువు భోజనం పెట్టకూడదంటూ ఇదే వచనంలోని కుక్కల మాటను ఆధారంగా చూపింది. అక్కడ ఇది ఆరాధనకు సంబంధించిన కట్టుబాటు. ఎదుటివాడి తెలివిని తూచే మాటగా మారింది తర్వాతే.

ఆ మార్పు ఇంగ్లండ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1380ల్లో జాన్ విక్లిఫ్, ఆయన అనుచరులు లాటిన్ బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చారు. లెస్టర్ మఠానికి చెందిన హెన్రీ నైటన్ అనే చరిత్రకారుడు దీనిమీద మండిపడ్డాడు. పండితుల సొత్తు కాస్తా చదువొచ్చిన మామూలు జనానికీ ఆడవాళ్లకూ అందుబాటులోకి వచ్చిందనీ, సువార్త ముత్యాన్ని వెదజల్లితే పందులు తొక్కుతున్నాయనీ రాశాడు. ఏ అనువాదం వల్ల ఈ వచనం సామాన్యుడి చేతికి వచ్చిందో, ఆ అనువాదాన్ని తిట్టడానికే ఈ మాటను వాడాడు! తమ భాషలో తమ మతగ్రంథం చదువుకోవాలనుకున్నవాళ్లను పందులనడం ఈ నానుడి చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

అదే కాలంలో విలియం లాంగ్లండ్ తన ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యంలో దీన్ని వాడాడు. 1526లో టిండేల్ ఇంగ్లీషులోకి తెచ్చిన కొత్త నిబంధన, 1611లో కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చాక వచనం ఇంటింటికీ చేరింది. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో, చదువు గర్వం తలకెక్కిన బడిపంతులు హోలోఫర్నెస్ చేత ఈ ముత్యం, పంది మాట పలికించాడు. ఆ నోటికి తగిన మాటే అది. నెదర్లాండ్స్ సామెతలను ఒకే పటంలో గుప్పించిన బ్రూగెల్ 1559 నాటి చిత్రంలో మాత్రం మనిషి పందుల ముందు వేస్తున్నవి గులాబీలు. అప్పట్లో అక్కడ అలా అనేవారు.

ఈ వచనమున్న మత్తయి సువార్త తెలుగులో 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. విశాఖపట్నంలో లండన్ మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయరు కలిసి చేసిన అనువాదమది.

ఇప్పుడీ నానుడికి మతంతో పెద్దగా పని లేదు. మంచి కచేరీ సాగుతుంటే ముందు వరసలో కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ల గురించి, ఎంత శ్రద్ధగా పాఠం చెప్పినా పట్టని తరగతి గురించి పక్కవాళ్లతో అంటారు. ముఖాన అంటే మాత్రం అది అచ్చమైన తిట్టు.